తొమ్మిదిన్నర తిట్లు

నా కాలు పోతుందని చెప్పిన డాక్టరు మీద నాకు కోపం రాలేదు. ఆయన పని అది. రాజధానిలో పెద్దాసుపత్రి, బల్ల మీద తెర, తెర మీద నా ఎడమకాలి రక్తనాళాల బొమ్మ. మోకాలి కింద ఒకచోట గీత టక్కున ఆగిపోయింది.

"ఇక్కడ మూసుకుపోయింది దోన్యా సుల్మా. పక్కనుంచి కొత్త దారి వేసి రక్తం కిందికి దింపగలను. మీరు పొగ మానకపోతే ఆ దారీ ఆర్నెల్లలో పూడిపోతుంది. మూడు నెలలు ముట్టకుండా రండి, ఆపరేషన్ చేస్తాను. ముట్టారంటే నా దగ్గరికి రాకండి. కాళ్లు తీసేసే డాక్టరు పక్క గదిలో ఉంటాడు."

అప్పటికి నాకు అరవై రెండేళ్లు, ఆ వయసు ఆడవాళ్లని మా దగ్గర గౌరవంగా దోన్యా అంటారు. పదిహేనో ఏట మొదలుపెట్టాను. చేత్తో చుట్టుకునే పొగాకు, రోజుకు ముప్ఫై. మంచం మీంచి నేల మీద కాలు పెట్టకముందే ఒకటి వెలగాలి. బొటనవేలు నల్లబడి మూడు నెలలైంది. వీధి చివర రొట్టెల కొట్టు దాకా వెళ్లాలంటే కాలు పట్టేసి రెండుసార్లు ఆగాలి. ఊరికే నిలబడటం దేనికని, ఆగినప్పుడల్లా ఒకటి వెలిగించేదాన్ని.

మా అమ్మాయి యానెత్ బడిలో పంతులమ్మ. తిరుగు బస్సులో నాలుగు గంటలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా ఊరు పాసో హోందోలో దిగాక నోరు విప్పింది.

"సోమవారానికి మన క్లినిక్కులో నీ పేరు రాయించాను. పొగ మాన్పించే నర్సు ఉంది. కూర్చోబెట్టి మాట్లాడుతుందట."

"మాటల్తో పోయేదైతే మీ నాన్న ముప్ఫై ఏళ్లు అరిచాడు, ఎప్పుడో పోయేది."

"రానన్నావా, కాలు తీసేశాక నీ మంచం చాకిరీ నేను చెయ్యను. ఇప్పుడే చెప్తున్నా."

చేస్తుంది, నాకు తెలుసు. కానీ ఆ మాట అన్నప్పుడు దాని గొంతు వణికింది. అందుకే వెళ్లాను.

తలుపు తీసిన నర్సును చూడగానే చేతికర్ర మీద నా వేళ్లు బిగుసుకున్నాయి. తెల్లకోటు, కళ్లద్దాలు, కణతల దగ్గర నెరిసిన జుట్టు. అయితేనేం, ఆ గడ్డాన్ని, ఆ పెడసరపు చూపును నేనెలా మరిచిపోతాను? నీబియా తెచేరా.

"ఈ పొట్టేలు దగ్గరికా నన్ను తీసుకొచ్చావు?" అని యానెత్‌ని అడిగాను, వరండాలో కూర్చున్న నలుగురికీ వినబడేలా.

సమ్మె విరగ్గొట్టి పనిలోకి పోయేవాళ్లను మా దగ్గర పొట్టేలు అంటారు. ఒకటి దూకితే వెనకాల మందంతా దూకుతుందని. మా ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు. ఆ మాట మీద కత్తులు తీసినవాళ్లున్నారు.

నీబియా మొహంలో గీత కూడా కదల్లేదు. "లోపలికొచ్చి తిట్టండి దోన్యా సుల్మా. అక్కడ చలిగాలి కొడుతోంది."

"ఇంకో నర్సు లేదా?"

"ఉంది, ఎనభై కిలోమీటర్ల అవతల. వారానికి రెండు బస్సులు. ఆ కాలితో బస్టాండు దాకా నడవగలనంటే చీటీ రాసిస్తాను."

యానెత్ బడికి వేళైందని, గంటలో వస్తానని గబగబా వెళ్లిపోయింది. నడిచి ఇల్లు చేరే కాలు నాకు లేదు. అలా ఆ గదిలో ఇరుక్కున్నాను.

మా ఇద్దరి సంగతీ ఇక్కడ చెప్పాలి. మా ఊళ్లో నది ఒడ్డున మాంసం ఫ్యాక్టరీ ఉండేది. డబ్బాలు నింపే విభాగంలో నేను ఇరవై ఏళ్లు చేశాను. పంతొమ్మిదేళ్ల పిల్లగా నీబియా నా పక్కన బెల్టు దగ్గర చేరింది. కత్తి పట్టడం నేర్పింది నేను. చలిగది వెనక మెట్ల మీద మొదటి సిగరెట్టు చుట్టి నోట్లో పెట్టిందీ నేనే. దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇంకోటి చుట్టవా సుల్మా అక్కా" అంది. మూడేళ్లు ఒకే సంచిలోంచి తాగాం. తర్వాత తొంభై ఒకటిలో సమ్మె వచ్చింది. డెబ్భై మూడు రోజులు. నలభయ్యో రోజున కంపెనీ బస్సు కిటికీలకు తెరలు కట్టుకుని గేట్లోకి వచ్చింది. గాలికి ఒక తెర లేచింది. లోపల నీబియా.

సమ్మె ఓడిపోయింది. నాతోపాటు అరవై మందిని తీసేశారు. ఏడేళ్ల తర్వాత ఫ్యాక్టరీ కూడా మూతపడింది. నీబియా రాజధానికి పోయి నర్సు చదువు చదివి తిరిగొచ్చిందని విన్నాను. దారిలో ఎదురుపడితే నేను అవతలి గట్టుకు దాటేదాన్ని. అలా ఇరవై ఏళ్లు.

ఇప్పుడు ఆమె, ఊపిరిలో పొగ విషం ఎంతుందో కొలిచే గొట్టం ఒకటి నా చేతికిచ్చి ఊదమంది. ఊదాను. దాని మీద ఇరవై ఆరు అంకె వచ్చింది.

"మంచిదా, చెడ్డదా?"

"పొగగొట్టానికైతే మంచిదే."

పుండ్లు పడ్డ ఊపిరితిత్తుల బొమ్మలు తీస్తుందని, పుర్రెలు చూపిస్తుందని, నీతులు చెప్తుందని కాసుకుని కూర్చున్నాను. ప్రతి దానికీ ఒక జవాబు నాలుక మీద పెట్టుకునే వచ్చాను. ఆమె పెన్ను తీసి, "పొగలో మీకు నచ్చేదేంటి?" అని అడిగింది.

"ఏంటీ?"

"నలభై ఏడేళ్లుగా తాగుతున్నారు. ఏదో ఒకటి నచ్చకపోతే తాగరుగా. ఏంటది?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మొగుడూ అడగలేదు, డాక్టర్లూ అడగలేదు. ఇది అడిగినందుకు ఒళ్లు మండింది.

"నా నోరు మూసి ఉంచుతుంది. అది లేకపోతే నీలాంటివాళ్లు కనిపించినప్పుడు నోట్లోంచి ఏమొస్తుందో నాకే తెలీదు."

"ఇప్పుడూ బాగానే వస్తోందిగా," అంటూనే రాసుకుంది.

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్కో సిగరెట్టూ చెప్పమంది. ఎక్కడ, కూర్చునా నిలబడా, చేతిలో ఇంకేముంది, మనసులో ఏముంది. పోలీసులు కూడా ఇన్ని అడగరు. మాతే ఆకుల టీ తాగుతూ రెండు. రేడియో వార్తలకి ఒకటి. అలా వరసగా చెప్పుకుంటూ వచ్చి తొమ్మిదిన్నర దగ్గర ఆగాను.

"తొమ్మిదిన్నరకి రెండు. వెంట వెంటనే. పెరటి మెట్టు మీద కూర్చుని."

"ఎందుకు రెండు?"

"ఎందుకో ఏం తెలుసు. అంతే."

పెన్ను ఆగింది. "మనకి తొమ్మిదిన్నరకి ఫ్యాక్టరీ కూత వచ్చేది. పది నిమిషాల విరామం. రెండు పడతాయి. రెండోది సగంలో ఆర్పకూడదని నాకు నేర్పింది మీరే." మళ్లీ అంది: "ఫ్యాక్టరీ మూసేసి పదమూడేళ్లయింది దోన్యా సుల్మా. కంపెనీ మీద సమ్మె చేసిన మనిషి, కంపెనీ కూతకి ఇంకా లేస్తున్నారు."

నా చెవుల్లోంచి సెగలు వచ్చాయి. కర్ర ఎత్తానో లేదో నాకు గుర్తు లేదు. ఎత్తానని తర్వాత ఆమే చెప్పింది. ఆ రోజు మాత్రం, "సమ్మె మాట ఎత్తే నోరా అది?" అని అరిచాను. అరుస్తుంటేనే నాకు తెలుస్తోంది, అది నిజమని. పదమూడేళ్లుగా రోజూ, ఆదివారాలు కూడా, గడియారం చూడకుండానే లేచి ఆ మెట్టు మీదికి వెళ్తున్నాను. నా కూతురికి తెలియనిది, నాకే తెలియనిది, ఈ పొట్టేలు గంటలో పట్టేసింది.

ఆ తర్వాత ఆమె పని మాటలు చెప్పింది. రెండు వారాల్లో ఒక రోజు నిర్ణయించుకోవాలి. ఆ రోజుకు ఇంట్లో పొగాకు రేణువు ఉండకూడదు. జబ్బకు పట్టీ అంటించుకోవాలి, రక్తంలోకి కొంచెం కొంచెం నికోటిన్ దిగుతుంది. మాతే తాగే చోటు మార్చాలి, పెరట్లో కాదు, వీధి వరండాలో. యావ ఎంత గట్టిగా లేచినా ఐదు నిమిషాలకు మించి నిలబడదు. ఆ ఐదు నిమిషాలు దాటించడమే మొత్తం పని.

"తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ చెయ్యండి," అంది.

"నీకా? చేసి ఏం మాట్లాడతా? నిన్ను తిట్టడానికి తప్ప నీతో నాకు మాటల్లేవు."

"తిట్టడానికే చెయ్యండి. ఐదు నిమిషాలకి సరిపడా సరుకు మీ దగ్గరుంది."

ఏప్రిల్ రెండో సోమవారం మానేశాను. ఆ మాట రాయడం తేలిక. తొమ్మిది గంటలకే నాలుక మీద చీమలు పాకుతున్నట్టుంది. తొమ్మిది ఇరవై ఎనిమిదికి కాళ్లు వాటంతటవే పెరట్లోకి నడిచాయి. ఫోన్ తీశాను.

"ఎవరు?"

"ఎవరేంటే, నేనే."

"చెప్పండి దోన్యా సుల్మా. ఎక్కడ నిలబడ్డారు?"

"నీ గోరీ మీద."

"దానికింకా టైముంది. ఎక్కడ?"

"పెరట్లో."

"వీధి వరండాలోకి నడవండి. నడుస్తూ తిట్టండి."

తిట్టాను. బస్సు తెర దగ్గర మొదలుపెట్టాను. సమ్మె వంటశాలలో నీకు పప్పుల పులుసు రెండు గరిటెలు ఎక్కువ వేశానే, ఆ పులుసు అరగకముందే బస్సెక్కావు కదే అన్నాను. నీ కత్తి నేను నూరిపెట్టాను, నీ నెలసరి రోజుల్లో నీ వాటా డబ్బాలు నేను నింపాను అన్నాను. వీధిలో పోయే రొట్టెలవాడు సైకిలు ఆపి మరీ విన్నాడు. గొంతు బొంగురుపోయి ఆగాను.

"ఏడు నిమిషాలు," అంది అవతల. "యావ ఎలా ఉంది?"

లోపల వెతుక్కున్నాను. దిగిపోయింది. మూలన కూర్చున్న కుక్కలా ఉంది, మీదికి రావడం లేదు.

"ఉంది," అని అబద్ధమాడాను.

"రేపు చెయ్యండి," అని పెట్టేసింది.

రోజూ చేశాను. ఒక్కోరోజు నాలుగుసార్లు. ఆమె ఎత్తని రోజు లేదు. ఒక్కోసారి, "ఇది మొన్ననే తిట్టారు, కొత్తది చెప్పండి," అనేది. నాకు మరింత మండేది. మధ్యలో పని ప్రశ్నలు దూర్చేది. రాత్రి నిద్ర పట్టిందా? దగ్గు పెరిగిందా? పెరుగుతుంది, ఊపిరి గొట్టం శుభ్రపడుతోంది. కూతురి మీద ఏం విసిరారు? మాతే ఫ్లాస్కు విసిరాను, గోడకు తగిలి పగిలింది. అయితే ఇవాళ ఆ అమ్మాయికి చెప్పండి, ఈ కోపం తన మీద కాదని. నువ్వెవరే నాకు చెప్పడానికి అని పెట్టేశాను. సాయంత్రం యానెత్‌కు చెప్పాను. అది వంటింట్లోకి పోయి ఏడ్చింది. నాకు వినబడకూడదని కుళాయి తిప్పుకుంది.

ఇరవై మూడో రోజు రాత్రి వాల్తేర్ ఒలిదేన్ పోయాడు. మా సమ్మె నాయకుడు. ఊపిరితిత్తులు అట్టలు కట్టి, చివరి ఏడాది ఆక్సిజన్ సిలిండరు పక్కనే బతికాడు. తెల్లారి పదకొండింటికి సమాధి చేశాం. శ్మశానం గేటు బయట పాతవాళ్లందరూ గుంపుగా నిలబడి వెలిగించారు. వాల్తేర్ భార్య మాబెల్ అతని పొగాకు సంచి తెచ్చి నా అరచేతిలో పెట్టి మూసింది.

"వాడిది. నువ్వే తాగాలి సుల్మా."

మూడు తాగాను. మొదటిది ఈకలు కాల్చినట్టుంది, తల తిరిగింది. రెండోది మొదటిది తాగాను కదా అని తాగాను. మూడోది సిగ్గుతో.

మర్నాడు క్లినిక్కుకు వెళ్లే రోజు. తలుపు తోస్తూనే చెప్పాను. "తాగాను. మూడు. నీకు పండగే కదా?"

"కూర్చోండి," అంది. "మొదటిది వెలిగించే ముందు ఏం జరిగింది? చేతికి ఎవరిచ్చారు? వద్దనాలని అనిపించిందా? మూడోది అయ్యాక ఎలా ఉంది? నాలుగోది ఎందుకు వెలిగించలేదు?"

 నాలుగోది నిజంగానే వెలిగించలేదు. ఎందుకో ఆలోచించలేదు.

"అది గుర్తుపెట్టుకోండి. మూడు తాగిన సంగతి నాకెందుకు, నాలుగోది ఆపింది మీరే. పట్టీ తియ్యకండి. ఇరవై అయిదో రోజు ఇవాళ. ఆ సంచి ఎక్కడుంది?"

"ఇంట్లో. బిస్కెట్ల డబ్బాలో."

"పారేస్తారా?"

"వాల్తేర్ పొగాకు పారేయమంటావా?" కోపానికి దారి దొరికింది నాకు. "వాడిని సాగనంపడానికి కూడా రాలేదు నువ్వు! ఊరంతా వచ్చింది. మనిషి పుట్టుక పుట్టుంటే వచ్చేదానివి."

నీబియా పెన్ను బల్ల మీద పెట్టింది. కళ్లద్దాలు తీసింది. ఆమె మొహంలో నర్సు పోయింది.

"వస్తే రానిచ్చేదానివా సుల్మా?" మీరు, దోన్యా రెండూ ఎగిరిపోయాయి. "నలభై ఒకటో రోజు పొద్దున మా వీధి తలుపుకి పొట్టేలు తల కట్టారు మీవాళ్లు. ఇనపతీగతో. నాకంటే ముందు మా అమ్మ లేచింది. ఒక్కర్తే తీగ విప్పి, తల పెరట్లో పాతేసి, గుమ్మం కడిగింది. నాకు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత చెక్కలో నెత్తురు మరక చూసి నేనడిగితే చెప్పింది. ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. మళ్లీ వీధి తలుపు తియ్యలేదు. పెరటి దారినే వచ్చింది, పెరటి దారినే పోయింది. శవాన్ని కూడా పెరటి వైపునుంచే మోసుకెళ్లాం, కంచె పీకించి. నీ వాల్తేర్ వచ్చాడా ఆ రోజు?"

కర్రను బల్లకి ఆనించి పెట్టాను.

"ఎందుకెక్కావు ఆ బస్సు?" అన్నాను. ఇరవై ఏళ్లలో అది తిట్టుగా కాక ప్రశ్నగా అడగడం అదే మొదలు.

"అమ్మకి రోగమని చెప్తాననుకున్నావా? రోగం లేదు. నాకు జీతం కావాలి. నర్సు చదువులో చేరే గడువు దాటిపోతోంది. నలభై రోజులు పప్పుల పులుసు తిని విసుగొచ్చింది. నా బతుకు నాకు కావాలనిపించింది, ఎక్కాను. సిగ్గుపడాల్సిందుంటే నేను పడతాను, అది నా గొడవ. మా అమ్మ ఏం చేసింది మీకు?"

 నీతిమాలినదని అరవడానికి నోరు రాలేదు, ఎందుకంటే ఆ తల కట్టింది నేను. వాల్తేర్‌కు కూడా చెప్పలేదు. కబేళా వెనక పారేసిన వాటిలోంచి కొమ్ములు పెద్దవి చూసి ఎంచుకున్నాను. తీగ మూడు చుట్లు తిప్పి మెలిపెట్టాను. వెనక్కి నడిచి వస్తూ ఒకటి చుట్టుకుని హాయిగా తాగాను. ఎవరు కట్టారని ఊరంతా అనుకుంటుంటే ఇన్నేళ్లూ లోపల్లోపల గర్వపడ్డాను. ఆ తలుపు వెనక ఒక ముసలామె ఉంటుందని నాకు తట్టలేదు. తట్టినా కట్టేదాన్నేమో. అదీ నిజమే.

కర్ర తీసుకుని బయటికి వచ్చేశాను. మర్నాడు తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాను.

"చెప్పండి," అంది. గొంతు మళ్లీ నర్సుది.

"ఆ తల కట్టింది నేను."

అవతల ఊపిరి వినబడింది. తర్వాత అదీ వినబడలేదు. పెట్టేసింది.

ఆ రోజు ఇంకో మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. మూడో రోజు తొమ్మిదిన్నరకు యావ లేచింది చూడండి, అంతకు ముందు వచ్చినవన్నీ దాని ముందు పిల్లలు. చెమటలు పట్టాయి. నోట్లో నీళ్లూరాయి. తిట్టడానికి మనిషి లేదు. తిట్టే హక్కూ లేదు. బిస్కెట్ల డబ్బా తీశాను. సంచి తెరిచి వాసన చూశాను. కాగితంలో పొగాకు పరిచి చుట్టాను, వేళ్లు మరిచిపోలేదు. పెదాల మధ్య పెట్టుకున్నాను కూడా. అగ్గిపుల్ల వెతకడానికి పెరటి వైపు నడుస్తుంటే ఆమె గొంతే చెవిలో వినబడింది, చిరాకుగా: ఎక్కడ నిలబడ్డారు? వీధి వరండాలోకి నడవండి.

ఆగాను. నాలుగోది ఎందుకు వెలిగించలేదని అడిగింది కదా, అది ఇప్పుడు తట్టింది. ఆ శ్మశానం గేటు దగ్గర మాబెల్ దగ్గుతూ వెలిగిస్తోంది, ఆమె వేళ్ల చివర్లు నీలంగా ఉన్నాయి. వాల్తేర్‌వి కూడా చివర్లో అలాగే ఉండేవి. అది చూసి నా చెయ్యి ఆగింది. వాల్తేర్ మీద ప్రేమ వేరు, వాల్తేర్‌లా చావడం వేరు. నోట్లోది తీసి ముక్కలు చేశాను. సంచిని కోళ్ల గంపలో దులిపేసి నీళ్లు పోశాను. వరండాలో కూర్చుని నారింజ తొక్క నములుతూ గడియారం చూశాను. ఎవరూ లేకుండా ఐదు నిమిషాలంటే చాలా పెద్దది. ఆరో నిమిషానికి దిగిపోయింది. ఒక్కదాన్నే దాటాను. సంతోషమేమీ అనిపించలేదు. నీరసం వచ్చి అక్కడే కునుకు తీశాను.

శుక్రవారం క్లినిక్కుకు వెళ్లాను. తలుపు తీస్తుందో లేదో తెలియదు. దారంతా క్షమాపణ మాటలు కూడగట్టుకున్నాను. జీవితంలో అలవాటు లేని పని.

తీసింది. నిద్ర లేని మొహం. గొట్టం ముందుకు తోసింది. "ఊదండి."

ఊదాను. మూడు.

"తాగలేదు," అంది, సగం తనలో తాను.

"సంచి కోళ్ల గంపలో పోసేశా. నీబియా, నేను..."

"వద్దు." చెయ్యి ఎత్తింది. "మిమ్మల్ని ఇంకెవరికైనా అప్పగిద్దామని మూడు రోజులు ఫోన్లు చేశాను. ఎవరూ దొరకలేదు. కాబట్టి నేనే చూస్తాను. క్షమాపణ లాంటిది తెచ్చుంటే వెనక్కి తీసుకుపోండి. నేను తీసుకోను. ఇవాళ కాదు, ఎప్పుడూ కాదు. మా అమ్మ తరఫున తీసుకునే హక్కు నాకు లేదు."

"నేనేం తేలేదు," అన్నాను. మళ్లీ కోపమొచ్చింది నాకు. అంత కష్టపడి కూడగట్టుకున్నవి.

"మంచిది. ఎత్తకపోవడం నా తప్పు. పనిలో అలా చెయ్యకూడదు. రేపటినుంచి తొమ్మిదిన్నరకి ఎత్తుతాను. పట్టీ చిన్న సైజుకి మారుద్దాం. జబ్బ చూపించండి."

పాత పట్టీ లాగినప్పుడు నెమ్మదిగా లాగలేదు. తోలు ఊడినంత పనైంది. కొత్తదానికి రెండో జబ్బ ముందుకు పెట్టాను.

మర్నాడు ఎత్తింది. నాకు తిట్లు రాలేదు. ఆమె అడగలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరం ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాం. అవతల ఎవరో తలుపు తీసిన చప్పుడు, కాగితాల చప్పుడు. "దిగిందా?" అంది. "దిగింది," అన్నాను. జూన్ నెలంతా అలాగే గడిచింది. తిట్టినప్పటికంటే ఆ మౌనమే ఎక్కువ బరువుగా ఉండేది. కానీ పని చేసింది. జూన్ చివరికి రోజూ చెయ్యాల్సిన అవసరం తప్పింది. ఒకరోజు రేడియోలో పది గంటల వార్తలు వస్తుంటే, తొమ్మిదిన్నర ఎప్పుడో దాటిపోయిందని గమనించాను.

జులైలో ఆపరేషన్ అయింది. బొటనవేలు పోయింది, కాలు నిలబడింది. డాక్టరు తన గొట్టంలోనూ ఊదించి, "నమ్మలేదు నేను," అన్నాడు. నమ్మకపోతే నీ ఖర్మ అన్నాను.

మరుసటి ఏప్రిల్లో ఏడాది నిండినందుకు చివరిసారి పిలిచింది నీబియా. బరువు చూసింది, రక్తపోటు చూసింది, ఫైలు మూసింది.

"ఇక మీరు రానక్కర్లేదు. యావ మళ్లీ ఎప్పుడైనా వస్తుంది, ఏళ్ల తర్వాత కూడా. ఏం చెయ్యాలో మీకు తెలుసు."

"వీధిలో ఎదురుపడితే?"

"మీరు అవతలి గట్టుకి దాటొద్దు, కాలికి మంచిది కాదు. నేను దాటతాను."

అన్నంత పనీ చేసింది. ఇప్పటికీ నన్ను చూస్తే దాటుతుంది.

ఆ సెప్టెంబర్లో సమ్మె జ్ఞాపకంగా పాతవాళ్లందరం ఏటా చేసుకునే విందు జరిగింది. ఆదివారం మధ్యాహ్నం, సంఘం హాల్లో. పెరట్లో నిప్పుల మీద పక్కటెముకలు కాలుతున్నాయి. నేను నడిచి వచ్చానని అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే ఒకడు, "పొట్టేలు వైద్యం బాగానే పట్టిందే!" అన్నాడు. నవ్వులు. నేను ఆమె దగ్గరికి పోతున్నానని ఊరికి ఎప్పుడో తెలుసు. ఇన్నాళ్లూ నా కాలు చూసి ఊరుకున్నారు.

"ఆ తల కట్టినవాడెవడో గానీ వాడికి దండెయ్యాలి," అంది మాబెల్, గ్లాసు ఎత్తి.

"నేనే," అన్నాను.

హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచారు. బల్లలు గుద్దారు. "సుల్మా! మన సుల్మానా! ఇన్నాళ్లు దాచావా దొంగముండా!" అంటూ మాబెల్ నన్ను కావలించుకుంది. ఎవరో నా గ్లాసు నింపారు. ఎవరో పొగాకు సంచి నా ముందుకు తోశారు, ఈ ఒక్కరోజుకి అంటూ.

"ఆమె తల్లి పదకొండేళ్లు వీధి తలుపు తియ్యలేదు," అన్నాను.

"తియ్యకుంటేనేం? కూతుర్ని అలా పెంచినందుకు," అంది మాబెల్. మళ్లీ నవ్వులు.

ఆ క్షణాన యావ లేచింది, నెలల తర్వాత. సంచి వాసన ముక్కుకు కొడుతోంది. వేళ్లు బల్ల మీద కదిలాయి. లేచాను.

"ఎక్కడికే? మాంసం కాలలేదింకా."

"ఇంటికి."

"ఒక పొట్టేలు కోసం మమ్మల్ని వదిలి పోతావా?"

"నవ్వింది మీరు. పోతున్నది నేను. దాని పేరెందుకు మధ్యలో?" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను. అనకుండా గ్లాసు పక్కకి తోశాను. మాబెల్ మొహం గట్టిపడటం చూశాను. ఆ రోజునుంచి ఆమె నాతో మాట్లాడదు. ఇంకో ఇద్దరు తప్ప ఎవరూ మాట్లాడరు. యాభై ఏళ్ల స్నేహాలు.

హాలునుంచి మా ఇంటికి పదకొండు వీధులు. రెండో వీధి దాటేసరికి యావ దిగిపోయింది. కోపం మాత్రం దిగలేదు. వాళ్ల మీదా, నా మీదా, నన్ను బాగుచేసి నా క్షమాపణ తీసుకోని ఆ మొండిదాని మీదా, అందరి మీదా మండుతూ నడిచాను. ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరాను. యానెత్ వరండాలో పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది.

"అప్పుడే వచ్చేశావేంటమ్మా? తిన్నావా?"

"లేదు. ఏమైనా ఉంటే పెట్టు," అని పక్క కుర్చీలో కూర్చున్నాను.